హైదరాబాద్ బస్సెక్కే మనిషి చేతికి ఒక కాగితం ఇవ్వండి

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లాలోని ఆర్టీసీ డిపోల మేనేజర్లకు,

నేను గురజాల ప్రాంతంలో పుట్టి పెరిగి, బతుకుతెరువు కోసం హైదరాబాద్ చేరి దిల్‌సుఖ్‌నగర్ వైపు స్థిరపడినవాణ్ణి. మా ఊరి నుంచి ఎవరు మొదటిసారి ఇక్కడికి బయల్దేరినా నా నంబరు రాసుకుని బస్సెక్కుతారు. తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది. "అన్నా, దిగాం. యాడ దిగామో తెలవట్లేదు. పైన బ్రిడ్జి ఉంది, పక్కన మందుల షాపు ఉంది" అంటారు. ఈ నగరంలో ఏ పెద్ద కూడలికి పోయినా బ్రిడ్జి ఉంటుంది, మందుల షాపూ ఉంటుంది. ఆ గుర్తులతో మనిషిని వెతకలేం. వాళ్ల పక్కన ఆపరేషన్ కావాల్సిన తండ్రో, చంకలో జ్వరంతో కాలిపోతున్న పిల్లో ఉంటారు. నేను ఫోన్ ఎత్తాను కాబట్టి సరిపోయింది. నగరంలో తెలిసినవాడంటూ ఒక్కడూ లేని కుటుంబం సంగతేమిటి? ఆ ఆలోచనే ఈ లేఖ రాయించింది.

2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. అయినా మనవాళ్ల రాకపోకలు తగ్గలేదు, తగ్గవు కూడా. మాచర్ల వాళ్లు సాగర్ దాటి ఇబ్రహీంపట్నం మీదుగా వస్తారు. పిడుగురాళ్ల, దాచేపల్లి వాళ్లు పొందుగుల దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండ, నార్కెట్‌పల్లి మీదుగా వస్తారు. పెద్ద జబ్బు చేస్తే నిమ్స్, ఉద్యోగం కావాలంటే అమీర్‌పేట, కొడుకు అమెరికా పోవాలంటే వీసా, అన్నీ ఇక్కడే. 2021 మే నెలలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను సరిహద్దుల్లో ఆపేశారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకున్నాకే దారి తెరుచుకుంది. ఈ నగరం మనకు ఎంత అవసరమో ఆ నెలలో అందరికీ తెలిసొచ్చింది.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట బస్టాండ్లలో హైదరాబాద్ బస్సులు ఆగే చోట ఒక పెద్ద బోర్డు పెట్టించండి. రెండు వైపులా తెలుగులో అచ్చు వేసిన ఒక కాగితం టికెట్‌తో పాటు ఇప్పించండి. చదువురానివాళ్లకు కండక్టరో, బస్టాండు ఉద్యోగో చదివి చెప్పాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు లక్షల మంది వస్తే ఏ ప్రభ ఎటు పోవాలో, ఏ బస్సు ఎక్కడ ఆగాలో, తప్పిపోయిన పిల్లలను ఎక్కడికి చేర్చాలో మైకులో చెబుతూనే ఉంటారు. అంత జనంలో దారి చూపగలిగిన యంత్రాంగానికి, రోజూ రాత్రి బస్సెక్కే కొద్దిమందికి దారి చెప్పడం కష్టమేమీ కాదు.

ఆ కాగితంలో ఏముండాలో నాకు తెలిసినంత మేర కింద రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి, చాలకపోతే చేర్చండి.

మొట్టమొదట రాయాల్సింది, అసలు హైదరాబాద్ దాకా పోవాలా అన్న మాట. ఏ జబ్బు పేరు విన్నా మనవాళ్లకు ముందు హైదరాబాదే గుర్తొస్తుంది. గుంటూరు పెద్దాసుపత్రి ఉంది. మంగళగిరి ఎయిమ్స్ 2019 నుంచి ఓపీ చూస్తోంది, 2024 ఫిబ్రవరిలో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. నరసరావుపేట, సత్తెనపల్లి వాళ్లకు అది హైదరాబాద్ కంటే ఎంతో దగ్గర. మన డాక్టరును ఈ మాట అడిగి, చీటీ రాయించుకుని కదలాలి. హైదరాబాదే పోవాలని తేలితే 104కి ఫోన్ చేయాలి. మన రాష్ట్ర వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ హైదరాబాద్‌లోని కొన్ని ఆసుపత్రుల్లోనూ పనిచేస్తుంది, అయితే అన్ని ఆసుపత్రుల్లోనూ కాదు, అన్ని జబ్బులకూ కాదు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తిస్తుందో ఇంటి దగ్గరే తెలుసుకోవాలి. అక్కడ బెడ్ మీద పడుకోబెట్టాక తెలుసుకుంటే, ఉన్నదేదో తాకట్టు పెట్టి డబ్బు తేవాల్సి వస్తుంది. ఇలా పొలం కాగితాలు కుదువపెట్టిన కుటుంబాలను నేను ఎరుగుదును.

ఇక ప్రయాణం. రోగితోనో పసిపిల్లలతోనో పోయేవాళ్లకు వీలైతే పగటి ప్రయాణమే మేలు. పల్నాడు ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే గుంటూరులో బయల్దేరి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా సికింద్రాబాద్ వస్తుంది, అక్కణ్ణుంచి వికారాబాద్ పోతుంది. పట్టపగలు దిగుతారు. రైలు టికెట్ మీద స్టేషన్ పేరు జాగ్రత్తగా చదవమని రాయండి. నగరంలో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి. టికెట్ మీద 'హైదరాబాద్' అని ఉంటే అది నాంపల్లి. సికింద్రాబాద్ వేరు, కాచిగూడ వేరు, లింగంపల్లి వేరు. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ ఇంకా వేరు. కొన్ని రైళ్లు ఇప్పుడు సికింద్రాబాద్ రాకుండా చర్లపల్లి మీదుగా పోతున్నాయి. తీసుకెళ్లడానికి వచ్చే చుట్టం ఒక స్టేషన్లో, దిగినవాళ్లు మరో స్టేషన్లో ఉంటే ఆ ఉదయమంతా అందుకే సరిపోతుంది.

బస్సులో పోయేవాళ్లకు అసలు చిక్కు దిగేచోటే. సాగర్ రోడ్డు మీద వచ్చినా, విజయవాడ హైవే మీద వచ్చినా చాలా బస్సులు ఎల్బీ నగర్ మీదుగానే నగరంలోకి వస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి కండక్టర్ "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్" అని కేకేస్తాడు. నిద్రమత్తులో సగం మంది అక్కడే దిగిపోతారు. చీకట్లో ఎటు చూసినా రోడ్లే. చుట్టూ ఆటోలు మూగుతాయి. ఎక్కడికి పోవాలో తెలియని మనిషి ముఖం చూస్తేనే ఆటో కిరాయి రెట్టింపవుతుంది. అందుకే కాగితం మీద పెద్ద అక్షరాలతో వేయించండి: ఎల్బీ నగర్‌లో ఎదురుచూసేవాళ్లు లేకపోతే చీకట్లో అక్కడ దిగొద్దు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా టికెట్ తీసుకుని అక్కడే దిగండి. అందరూ దాన్ని ఎంజీబీఎస్ అనో, ఇమ్లీబన్ అనో అంటారు. అక్కడ లైట్లుంటాయి, బెంచీలుంటాయి, మరుగుదొడ్లుంటాయి, పోలీసులుంటారు. తెల్లవారేదాకా కూర్చోవచ్చు. ముఖం కడుక్కుని టీ తాగి, వెలుగు వచ్చాక కదలొచ్చు. ఆరు దాటాక మెట్రో నడుస్తుంది, బస్టాండు పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. ఈ రెండు గంటల ఓపిక మనవాళ్లకు ఎన్నో వందల రూపాయలు మిగులుస్తుంది. ఆడపిల్ల ఒంటరిగా వస్తుంటే ఈ మాట రెండుసార్లు చెప్పించండి.

మెట్రో గురించి కొంచెం వివరంగా రాయాలి. మనవాళ్లకు దానంటే అనవసరమైన జంకు. 2017 నవంబరులో మొదలైంది. మూడు లైన్లు. మనకు ఎక్కువ పనికొచ్చేది ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ పోయే ఎర్ర లైను. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి, లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి, అన్నీ ఈ ఒక్క లైను మీదే ఉన్నాయి. నాగోల్ నుంచి రాయదుర్గం పోయే నీలి లైను అమీర్‌పేటలో దీన్ని కలుస్తుంది. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చే ఆకుపచ్చ లైను ఎంజీబీఎస్‌లో కలుస్తుంది. కౌంటర్లో పోవాల్సిన స్టేషన్ పేరు తెలుగులో చెబితే చాలు, టికెట్ ఇస్తారు. ఆ టికెట్ పారేయకూడదు, బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర మళ్లీ కావాలి. నడిచే మెట్లంటే పెద్దవాళ్లు భయపడతారు, చీర కుచ్చెళ్లు చిక్కుకుంటాయని ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారు. ప్రతి స్టేషన్లో లిఫ్టు ఉంటుంది, కాపలాదారుని అడిగితే చూపిస్తాడు. బియ్యం మూటలు, పెద్ద సంచులు మోసుకుని మాత్రం మెట్రోకి రాకూడదు.

ఇప్పుడు ఆసుపత్రులు. మన జిల్లా నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఇదే కాబట్టి కాగితంలో ఒకవైపు మొత్తం దీనికే కేటాయించమని నా మనవి. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. ఎంజీబీఎస్‌లో మియాపూర్ వైపు మెట్రో ఎక్కి ఎర్రమంజిల్‌లోనో పంజాగుట్టలోనో దిగితే నడిచిపోవచ్చు, రైలు మారే పని లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినవాళ్లు నీలి లైనులో అమీర్‌పేట వచ్చి, ఎర్ర లైనులోకి మారి, ఎల్బీ నగర్ వైపు ఒక్క స్టేషన్ వస్తే పంజాగుట్ట. పిల్లల ఆసుపత్రి నిలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే, ఈ రెండూ రెడ్‌హిల్స్‌లో ఉన్నాయి, లక్డీకాపూల్‌లో దిగాలి. గాంధీ ఆసుపత్రికి ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, అది ఆకుపచ్చ లైను మీద. ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, ఎంజీబీఎస్‌కు దగ్గర్లోనే ఉంది. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఉస్మానియా మెడికల్ కాలేజీ కోఠిలో, ఉస్మానియా యూనివర్సిటీ తార్నాక వైపు. ఆటోవాడితో ఉత్త 'ఉస్మానియా' అంటే ఈ మూడింటిలో ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. అలాగే గాంధీ ఆసుపత్రి వేరు, గాంధీ భవన్ వేరు. ఆసుపత్రి పేరుతో పాటు పేట పేరు కూడా చెప్పాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరుసలో నిలబడాలి. మధ్యాహ్నం చేరితే ఆ రోజు పోయినట్టే. పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఆధార్, రేషన్ కార్డు, వాటి జిరాక్సులు ఒకే సంచిలో ఉండాలి. ఆ సంచి ఎవరి చేతికీ ఇవ్వకూడదు. గేట్ల బయట తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చి "లోపల బెడ్లు లేవు పెద్దాయనా, తెలిసిన ఆసుపత్రి ఉంది, నేను మాట్లాడతా" అంటాడు. మన యాసలోనే మాట్లాడతాడు, మన ఊరి పక్క ఊరి పేరు చెబుతాడు. వాడికి తలకింత అని ముడుతుంది. బెడ్డు లేదన్న మాట డాక్టరో, లోపలి సహాయ కేంద్రం వాళ్లో చెబితేనే నమ్మాలి. మా బంధువు ఒకాయన ఇలాంటి మాట నమ్మి ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాడు. రెండు రోజులు తిరిగేసరికి కోతకొచ్చిన మిరప చేను అమ్మకానికి పెట్టాడు. ఆయన అమాయకుడేమీ కాదు, ఊళ్లో నలుగురికి తగువులు తీర్చే మనిషి. ఆ గేటు దగ్గర ఆయనకు నిజం చెప్పే మనిషి దొరకలేదు, అంతే.

రోగితో వచ్చినవాళ్ల తిండికి 2014లో మొదలైన ఐదు రూపాయల భోజన కేంద్రాలు ఉన్నాయి, మధ్యాహ్నం అన్నం పెడతారు. పెద్ద ఆసుపత్రుల దగ్గర కూడా ఇవి కనిపిస్తాయి. రాత్రి పడుకునేందుకు నగరపాలక సంస్థ నడిపే బస కేంద్రాల గురించి సహాయ కేంద్రంలో అడగాలి. ఫుట్‌పాత్ మీద పడుకోవడానికి మాత్రం సిద్ధపడకూడదు.

ఆడవాళ్లకు చెప్పాల్సిన సంగతి మరొకటుంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద బస్సుల్లో ఉచితంగా తిరుగుతున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం ఉంది. రెండు చోట్లా ఉచితమే కాబట్టి ఎక్కడైనా చెల్లుతుందని మన అమ్మలు అనుకుంటున్నారు. మన పథకం ఆంధ్ర వాళ్లకే, తెలంగాణ పథకం తెలంగాణ వాళ్లకే. రాష్ట్రం దాటే బస్సులో టికెట్ కొనాలి. హైదరాబాద్ సిటీ బస్సులోనూ మన ఆధార్ చూపిస్తే ఉచితం ఇవ్వరు, టికెట్ కొనాలి. చుట్టూ ఆడవాళ్లందరూ సున్నా టికెట్ తీసుకుంటుంటే, కండక్టర్ ఒక్కామెను మాత్రం డబ్బులడిగినప్పుడు ఆమె ముఖం చిన్నబోతుంది. అది బస్సెక్కకముందే తెలిసి ఉంటే చిల్లర చేతిలో పెట్టుకుని గౌరవంగా కూర్చుంటుంది. సిటీ బస్సులో ఆడవాళ్లు ముందు తలుపు నుంచి, మగవాళ్లు వెనక తలుపు నుంచి ఎక్కుతారన్నది కూడా రాయండి.

ఆటో ఎక్కే ముందే కిరాయి మాట్లాడుకోవాలి. ఫోన్‌లో ర్యాపిడో, ఓలా, ఉబర్ లాంటివి చూస్తే అసలు ధర ఎంతో తెలుస్తుంది, ఎక్కకపోయినా బేరానికి పనికొస్తుంది. వాటిలో పిలిచిన బండి అయితే నంబరు సరిపోయిందో లేదో చూసుకుని, ఎక్కాకే ఫోన్‌లో కనిపించే నాలుగంకెల నంబరు చెప్పాలి. ఇంటి చిరునామాల సంగతి మనకు కొత్త. ఇక్కడ ఇంటి నంబర్లు గీతలతో పొడుగ్గా ఉంటాయి, పక్కపక్క ఇళ్లకు వరుస కుదరదు. అందుకే ఇక్కడివాళ్లు మెట్రో పిల్లర్ నంబరు చెబుతారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలకు కూడా నంబర్లున్నాయి. కాబట్టి ఏ రోడ్డు మీది పిల్లరో కూడా అడిగి రాసుకోవాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా ఆ కాగితమే దిక్కు. మా అమ్మ తరం ఆడవాళ్లు కొంగున ముడేసుకునేవాళ్లు, అంతకంటే భద్రమైన చోటు నాకు ఇప్పటికీ కనిపించలేదు.

చదువుకున్న పిల్లల గురించి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అశోక్ నగర్ కోచింగుల్లో చేరేవాళ్లు రెండు మూడు క్లాసులు విని ఆ తర్వాతే డబ్బు కట్టాలి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాడు ఉద్యోగం ఇవ్వడు. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా అసలు కాగితాలు ఎవరికీ అప్పగించకూడదు. వాటిని వెనక్కి తీసుకోవడానికి తిరిగే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అమెరికా వీసాకు వచ్చేవాళ్లకు రెండు చోట్ల పని ఉంటుందని గుర్తుచేయాలి. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉన్న కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. కాన్సులేట్ 2023లో బేగంపేట నుంచి అక్కడికి మారింది. ఇంకా బేగంపేట అని చెప్పేవాళ్లున్నారు.

పని ముగిశాక ఒక పూట మిగిలితే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడొచ్చు. రెండూ ఎంజీబీఎస్‌కు దగ్గరే. మ్యూజియానికి శుక్రవారం సెలవు. జూ పార్కు చూడాలనుకుంటే దానికి సోమవారం సెలవు. చూడాలన్న కోరికను వాయిదా వేసుకోవద్దని నేను చెబుతాను. కష్టం మీద వచ్చినవాళ్లకు కూడా ఆ హక్కు ఉంది.

కాగితం అడుగున ఫోన్ నంబర్లు పెద్దవిగా వేయండి. ఏ ఆపదకైనా 112, ఆడవాళ్ల సాయానికి 181, తప్పిపోయిన పిల్లలకు 1098, అంబులెన్సుకు 108, రైల్వేకు 139, ఫోన్ ద్వారా డబ్బు పోతే వెంటనే 1930. ఇవి రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తాయి. తెలుగులోనే మాట్లాడొచ్చు. మన యాస విని ఎవరైనా నవ్వినా మాట ఆపాల్సిన పని లేదు, అడిగితేనే దారి తెలుస్తుంది.

కలెక్టర్ గారూ, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడ్డాక మన పనులెన్నో దగ్గరయ్యాయి. గుంటూరు దాకా పోకుండా కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చుకుంటున్నాం. ఈ లేఖను కూడా అలాంటి అర్జీగానే స్వీకరించండి. జూన్‌లో కాలేజీలు, కోచింగులు మొదలవుతాయి. ఆ నెలలో మొదటిసారి నగరం చూసే పిల్లలు ఎక్కువ. ఈలోపు బోర్డులు నిలబెట్టి, కాగితం అచ్చు వేయించండి. ఇందులోని మాటలను యథాతథంగా వాడుకోవచ్చు, నా పేరు వేయనక్కర్లేదు. మెట్రో వేళలు, పథకాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏటా ఒకసారి సరిచూసే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించండి. అచ్చు ఖర్చుకు నిధుల్లేవంటే హైదరాబాద్‌లో ఉన్న పల్నాడు వాళ్లం చందాలు వేసుకుని పంపుతాం. పంచే పని మాత్రం ఆర్టీసీ వాళ్లే చేయాలి, బస్సెక్కే చోట ఉండేది వాళ్లే.

భవదీయుడు,
హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పల్నాడు వాసి